తెర మీద ఒక మాట, తెర కింద ఒక మాట

2022 నవంబరు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో సినిమాలకు సబ్‌టైటిళ్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరి నాలుగు నెలలైంది. ప్రోబెట్సైట్ ఇంకా నడుస్తోంది. అంటే ఆరు నెలల పరీక్షాకాలం. ఈలోపు వద్దనుకుంటే రెండు వారాల నోటీసుతో పంపేయవచ్చు. ఇక్కడ ఉండి పనిచేయడానికి అనుమతినిచ్చే నా బ్లూ కార్డు ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది.

నా పని అనువాదం కాదు, స్పాటింగ్. ఏ వాక్యం తెర మీద ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో గుర్తుపెట్టడం. భాష రాకపోయినా గొంతు వింటే చాలు, చేయవచ్చు. అందుకే సెనెగల్ నుంచి వచ్చిన ఒక సినిమా నాకు అప్పగించారు. మాటలు వోలోఫ్ భాషలో ఉన్నాయి. కథ ఒక పాత జర్మన్ నాటకానిది. నాటకం ఎలాగూ జర్మన్‌లోనే ఉంది కాబట్టి అందులోని సంభాషణలనే సబ్‌టైటిళ్లుగా వాడాలని పంపిణీదారులు నిర్ణయించారు.

మొదటి రోజే తల తిరిగింది. నటి పందొమ్మిది సెకన్లు మాట్లాడింది. నా ఫైల్లో నాలుగే పదాలున్నాయి. ఇంకో చోట ఆరు వాక్యాలున్నాయి. ఆమె నోరే విప్పలేదు. నేనే తప్పు ఫైలు తెరిచాననుకున్నాను. ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతాయన్న లెక్క, రెండుసార్లు సరిచూశాను. అంతా సరిగ్గానే ఉంది.

అసలు చిక్కు చివరి సన్నివేశంలో వచ్చింది. అన్న దొంగసాక్ష్యం చెప్పడంతో చెల్లెలు ఏడేళ్లు జైల్లో ఉండి వచ్చింది. ముసలివాడైన అన్న ఆమె గుమ్మం ముందుకొచ్చి నిలబడతాడు. నాటకంలో ఆమె, "నిన్ను క్షమించాను, లోపలికి రా" అంటుంది. సినిమాలో ఆమె గడప దాటదు, పక్కకూ జరగదు. అతన్నే చూస్తూ ఒక్క ముక్క అంటుంది. అదీ ఒక్క సెకను.

మా టీమ్ లీడ్ సబీనాకు చూపించాను.

"వాక్యం సరైనదే. ఆ సెకనులో పట్టకపోతే 'క్షమించాను' ఒక్కటే ఉంచు" అంది.

సాయంత్రం మా ఆయన శ్రీకాంత్‌కు చెప్పాను. అప్పటికి ఆయన మాస్టర్స్ చదువుతున్నాడు.

"నీకెందుకా లొల్లి? వాళ్లు ఏమిస్తే అదే వెయ్. ప్రోబెట్సైట్ల ఉన్నవ్, యాదుంచుకో."

"ఆమె అనని మాట ఆమె నోట్ల ఎట్ల పెట్టాలె?"

"అన్లేదని నీకెట్ల తెలుసు? నీకు ఆ భాషనే రాదు గదా!"

నిజమే.

మా పాప కీటాలో, అంటే పిల్లల బడిలో, ఇంకో పాప తల్లి ఆవా. సెనెగల్ రాజధాని డాకర్ నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా చేస్తోంది. సినిమా బయటివాళ్లకు చూపించకూడదని మాకు ఒప్పందం ఉంది. అందుకని మర్నాడు కీటా గేటు దగ్గర ఆ ముక్కను నా నోటితోనే అనుకరించి వినిపించాను. ఆవా ముందు పగలబడి నవ్వింది. మూడోసారికి అందుకుంది.

"'విన్నాను' అంటోంది. లేకపోతే 'అర్థమైంది' అని. మాకు రెండింటికీ ఒకటే మాట."

"'క్షమించాను' అని కాదా?"

"కాదు. దానికి వేరే మాట ఉంది."

తేలుతుందనుకున్న చిక్కుకు ఇంకో ముడి పడింది. జర్మన్‌లో వినడం వేరు, అర్థం కావడం వేరు. దర్శకురాలిని అడగాలని సబీనాతో అన్నాను. ఆమె వెంటనే వీడియో కాల్ కలిపింది.

దర్శకురాలు నిదానంగా ఇంగ్లిష్‌లో చెప్పింది. "రిహార్సల్స్‌లో నటి 'క్షమించాను' అనే అనేది. షూటింగ్ రోజు ఆ మాట రాలేదు, ఇది వచ్చింది. నేను కట్ చెప్పలేదు."

"అయితే క్షమించినట్టా, కానట్టా?"

"నేనూ ఆమెను అడగలేదు. నాలుగు రోజులుగా ఆ ముఖాన్ని చూస్తున్నది నువ్వు. నీకేమనిపించింది?"

నాకేమీ తేలలేదని ఒప్పుకున్నాను. "అలాగే ఉంచు మరి" అందామె.

'అర్థమైంది' అంటే సగం క్షమించినట్టే అవుతుందనిపించి, "విన్నాను" అని పెట్టాను. సబీనా దాన్ని తీసేయలేదు. మిగతా సబ్‌టైటిళ్లను వోలోఫ్ వచ్చిన అనువాదకుడితో మళ్లీ మొదటినుంచి రాయించింది. సినిమా వేసిన రోజు హాల్లో ఒక పెద్దాయన లేచి, నాటకంలోని మాట ఎందుకు మార్చారని కోప్పడ్డాడు. ఇంకొకామె, ఆ మాటలోనే క్షమ ఉందంది. వెనక వరుసలో కూర్చున్న నేను ఇద్దరి మాటకూ తలూపాను.

రెండు నెలలకు నా ఉద్యోగం ఖాయమైంది. ఆ గొడవ వల్లనా, ఆ గొడవ జరిగినా కూడానా అని అడిగే ధైర్యం చేయలేదు. తెలియని చోట తెలిసినట్టు రాయకూడదని మాత్రం అప్పుడే నేర్చుకున్నాను. ఆ చెల్లెలు అన్నను లోపలికి రానిచ్చిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె పేరు మీద ఇంకో దొంగసాక్ష్యం మాత్రం నేను చెప్పలేదు.