పలచని రక్తదాత

నవ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ముందే చెబుతున్నాను, ఆ రోజు నా అతి తెలివికి ఒక మనిషి ప్రాణమే పోవలసింది.

బోధన్‌లో మా పక్క కొట్టు దర్జీ సాజిద్‌కు డెంగీ వచ్చి నిజామాబాద్ ఆసుపత్రిలో చేర్చారు. చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోందట, ప్లేట్‌లెట్లు వెంటనే ఎక్కించాలట. "మా సాజిద్‌కు నేనిస్త!" అని బజారంతా వినేటట్టు అరిచాను. అరిచాక గుర్తొచ్చింది, నాకు సూదంటే చచ్చేంత భయమని.

"గంట దాకా సూది చేతికే ఉంటదట," అంది నా భార్య లత.

గంటా! ఏదైనా ఉపాయం దొరుకుతుందేమోనని ఇల్లంతా తిరిగాను. అలమారలో మా బాపు గుండెకు వేసుకునే గోలీలు కనబడ్డాయి, రక్తం పలచబడేవి. ఆహా! పలచబడితే సర్రున వస్తుంది, సూది తొందరగా తీస్తారు! ఒకటి మింగాను. భయం తగ్గలేదు, ఇంకొకటి మింగాను. ఉపాయం లేనివాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టమన్నారు గానీ, ఇలాంటి ఉపాయం ఉన్నవాణ్ణి ఏం చేయాలో పెద్దలు చెప్పలేదు.

రక్తనిధిలో నర్సమ్మ పరీక్షకని వేలు గుచ్చింది. "గోలీలేమన్న ఏసుకున్నవా అన్నా?"

"ఏసుకున్న అక్కా! మీ పని జల్ది కావాలని రక్తం పలచగ చేసుకొనే వచ్చిన."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. "ఓ అన్నా! రక్తనాళానికి యాడ చిల్లు పడ్డా ప్లేట్‌లెట్లు ఉరికొచ్చి, ఒకదానికొకటి అతుక్కొని మూస్తయి. నువ్వు మింగిన గోలీ వాటిని అతుక్కోనియ్యది. గిసొంటివి ఎక్కిస్తే గాయనకేం ఫాయిదా? పో, బయట కూసో."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. సాజిద్‌కేమన్నా అయితే? ఇప్పటికిప్పుడు ఎవరిని పట్టుకురావాలి?

"నాది గూడ గదే గ్రూపు. నేనిస్త," అంది నా వెంట వచ్చిన లత. పరీక్షలన్నీ చేసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు.

నేను బయట బెంచీ మీద, వేలికి దూది అదిమిపట్టుకొని. ఆ చిన్న గాటు ఆగదే! తీసి చూస్తే ఎర్రగానే ఉంది, మళ్లీ అదుముతాను. అంతలో సాజిద్ వాళ్లమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. నా దూది చూసి రెండు చేతులూ పట్టుకుంది.

"బేటా! నా కొడుక్కు నువ్వే పానం పోసినవ్. తాగు, నీరసమైతవ్," అని బత్తాయి రసం చేతిలో పెట్టింది.

నిజం చెబుదామనే నోరు తెరిచాను, నమ్మండి. రసం లోపలికి పోయింది.

అప్పుడే తలుపు తెరుచుకొని లత వచ్చింది, మోచేతికి పట్టీతో. "అమ్మా, మా ఆయన ఇచ్చింది ఒక్క చుక్క. గది గూడ ఇంకా ఆగుతలేదు."

కొన్నాళ్లకు సాజిద్ కోలుకొని లేచి తిరిగాడు. లతకు రెండు జాకెట్లు పైసా తీసుకోకుండా ఉత్తగనే కుట్టాడు. నా చొక్కాకు కొలతలు తీసుకునేటప్పుడు మాత్రం సూది దాచిపెడతాడు, "భయపడకన్నా" అని.

బాపు అలమార సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో ఇంకొకరి గోలీ మింగను. ఇంకొకరి బత్తాయి రసం కూడా.