ఒకే నంబరు, రెండు పేర్లు

ఆస్పత్రి నుంచి ఎవరైనా రక్తం కావాలని అడిగితే వెంటనే పిలవడానికి మేం ముగ్గురం కలిసి దాతల జాబితా ఒకటి పెట్టుకున్నాం. తెనాలిలో నేను, బాపట్లలో కాలేజీ ఆఫీసులో పనిచేసే ఒక తమ్ముడు, రేపల్లెలో టైలరింగ్ షాపు నడిపే ఒక భాయ్. ముగ్గురి కంప్యూటర్లలోనూ మొత్తం జాబితా ఉంటుంది. ఎవరు చేసిన మార్పులు వాళ్ళ ఫైల్లోనే ఉండిపోతాయి కాబట్టి నెలకోసారి వాట్సాప్‌లో నాకు పంపుతారు. మూడూ కలిపి ఒక్క ఫైలు చేసి తిరిగి పంపడం నా వంతు.

తమ్ముడు పేర్లు ఇంగ్లీషులో కొడతాడు, భాయ్ తెలుగులో. ఒకరు ఇంటిపేరు ముందు పెడితే ఇంకొకరు అసలు పెట్టరు. అందుకని నేను పేర్లను నమ్మను. ఫోన్ నంబర్ల ప్రకారం సర్దుతాను. ఒకే నంబరుకి మూడు ఫైళ్ళలో వివరాలు తేడాగా ఉంటే ఆ గడులు పసుపు రంగులోకి మారతాయి. అప్పుడు కొత్త వివరాలు ఉంచి పాతవి తీసేస్తాను.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం అలాంటి పసుపు గడుల దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నంబరు ఒకటే, గ్రూపూ ఒకటే, ఓ పాజిటివ్. బాపట్ల ఫైల్లో మాత్రం రేపల్లె దగ్గర పల్లెలో ఉండే ఒక రైతు పేరు, ఆయన కిందటి నెలే రక్తం ఇచ్చినట్టు తేదీ ఉన్నాయి. రేపల్లె ఫైల్లో ఆ పేరు లేదు. దాని స్థానంలో ఒక ఆడమనిషి పేరుంది, తేదీ గడి ఖాళీగా ఉంది.

భాయ్‌కి ఫోన్ చేశాను. వెనక కుట్టుమిషను చప్పుడు.

"ఆయన ఎండాకాలంలో పోయాడమ్మా, గుండెపోటు. ఆయన భార్య మొన్న షాపుకొచ్చి, 'ఆయన బదులు నా పేరు రాయండి' అంది. రాశాను."

పోయిన మనిషి కిందటి నెల రక్తం ఎలా ఇస్తాడు? తమ్ముణ్ణి అడిగాను.

"ఇచ్చారక్కా, నేనక్కడే ఉన్నాను. ఆ నంబరుకి చేస్తే ఒకావిడ వచ్చి ఇచ్చి వెళ్ళారు. ఎవరో ఇంట్లోవాళ్ళు అనుకుని ఆ వరుసలోనే తేదీ వేశాను."

ఇద్దరూ నిజమే రాశారు. ఆడవాళ్ళు ఒకసారి రక్తం ఇస్తే మళ్ళీ నాలుగు నెలలు ఆగాలి. రైతు పేరుతోపాటు ఆ తేదీ కూడా తీసేసి ఉంటే, అవసరం పడితే ఆ వారంలోనే ఆమెను మళ్ళీ పిలిచేసేవాళ్ళం. అయినా ఆమెను అడగకుండా ఏదీ మార్చబుద్ధి కాలేదు. ఆ నంబరుకే చేశాను.

"మీరేనా అండీ బాపట్లలో రక్తం ఇచ్చింది?"

"నేనేనండి. ఆయన లేరని చెబుదామనే ఫోన్ ఎత్తాను. అవతలి అబ్బాయి, 'కాన్పు కేసండీ, అర్జెంటు' అన్నాడు. నాదీ ఆయన గ్రూపేనండి. ఇంకేం చెప్పకుండా బస్సెక్కాను."

ఆయన పేరు వేరే షీటులో ఉంచుతాననీ, ఇన్నేళ్ళు ఇచ్చిన మనిషిని చెరిపేయడానికి మనసు రావడం లేదనీ అన్నాను.

"ఎందుకండీ? ఎవరో కంగారులో చూసుకోక ఆయన పేరుతో ఫోన్ చేస్తే, అంతసేపూ ఆస్పత్రిలో పడుకున్నవాళ్ళు ఆగొద్దూ? తీసేయండి," అంది. తర్వాత, "ఆ తల్లీబిడ్డా ఎలా ఉన్నారో మీకేమైనా తెలుసా అండీ?" అని అడిగింది.

నాకు తెలియదు. కనుక్కుని చెబుతానన్నాను. తేదీని ఆమె వరుసలోకి మార్చి, ఆయన వరుస తీసేశాను. ఫైలు ఇద్దరికీ పంపాక తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేశాను. రేపు ఆస్పత్రికి వెళ్ళి అడుగుతానన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అతని ఫోన్ వచ్చింది. ఆడపిల్లట, ఇద్దరూ కులాసాగా ఇంటికి వెళ్ళిపోయారట. ఆ మాట నేనే ఆమెకు చెప్పాను. "హమ్మయ్య," అంది ఆమె. ఆ తర్వాత చాలాసేపు ఆయన గురించి చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను.