కొంగ పాదాలకు ఎర్ర రంగు

ఏ బోర్డు మీదైనా అక్షరం తప్పు కనిపిస్తే చాలు, ఆ పెయింటరు కాళ్ళు ముందుకు సాగవు. మందుల షాపు కానీ, సైకిళ్ళ షాపు కానీ, లోపలికి వెళ్ళి యజమానిని ఎండలోకి లాక్కొచ్చి, వేలుపెట్టి తప్పు చూపిస్తే గాని ఆయనకు కడుపుబ్బరం తగ్గదు. నలభై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నాడు. తన చేతి కింద ఒక్క తప్పు కూడా దొర్లలేదని ఆయన చెప్పుకోని రోజు లేదు. ఆ వీధిలో ఆ మాట వినని చెవులూ లేవు.

ఫ్లెక్సీలు వచ్చాక ఆయన పని మూలపడింది. చివరికి మిగిలింది మడుగు ఆఫీసు ఒక్కటే. ఊరి పల్లపు వైపున రెల్లు, తుంగ, బురద, నీళ్ళు కలిసి మైళ్ళకొద్దీ పరుచుకున్న మడుగది. పక్షుల కోసం ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రాంతం చేసింది. అక్కడ పూడ్చకూడదు, తవ్వకూడదు, వల వేయకూడదు. ఫ్లెక్సీలు కట్టి చూశారు గానీ, సగం ఎండకు చినిగాయి, మిగతా సగం మేకలు తిన్నాయి. దాంతో బడిపిల్లలు నడిచే దారి పొడవునా రేకు బోర్డులే పెట్టాలని నిర్ణయించారు. పిట్టకొక బోర్డు చొప్పున ఇరవై ఆరు. ఆఫీసు ఇచ్చిన రంగు బొమ్మలు చూసుకుంటూ, తన షెడ్డులో కూర్చునే అన్నీ వేసిచ్చాడు పెయింటరు. మడుగులోకి మాత్రం ఏనాడూ అడుగు పెట్టలేదు. దోమలుంటాయట.

మడుగంటే ఆయనకు గౌరవం లేకపోలేదు. మూడేళ్ళ కిందట రెండు రోజులు ఎడతెగకుండా వాన కురిసి, ఎగువ పేటల్లో మంచాలు తేలుతుంటే, అందరికన్నా పల్లంలో ఉన్న ఈ వీధిలో నీళ్ళు గడప దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ వరదంతా మడుగు తాగేసిందని అప్పుడే తెలిసింది. పైగా ఆయాసంతో మెట్టు మెట్టుకీ కూర్చునే భార్యను, పొగా దుమ్మూ లేని ఆ గట్టు మీద రోజూ నడవమన్నాడు డాక్టరు. నాలుగు నెలలకల్లా ఆమెకు ఊపిరి తిన్నగా ఆడసాగింది. తిరిగొచ్చిన ఊపిరిలో సగం తనను తిట్టడానికే ఖర్చవుతోందని పెయింటరు ఫిర్యాదు.

ఇక అసలు సంగతి. ఇరవై ఆరులో ఒక బోర్డు చిట్టికొంగది. తెల్లటి ఒళ్ళు, నల్లటి ముక్కు, నల్లటి కాళ్ళు. ఆఫీసు కాగితంలో ‘పాదాల రంగును బట్టి దీన్ని గుర్తుపట్టండి’ అని ఒక వాక్యం ఉంది. దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. తీరా పాదాలు వేద్దామని పసుపు డబ్బా మూత తీస్తే, రంగంతా గడ్డకట్టి పుల్లకు కూడా లొంగలేదు. రంగుల కొట్టు మూడు రోజులు సెలవు. బోర్డులేమో మర్నాడే ఇవ్వాలి. మంటలార్పే బకెట్లకు వేయగా మిగిలిన ఎరుపు మాత్రం చేతికందేంత దూరంలో ఉంది. కొంగ పాదాలు ఎవడు చూస్తాడులే అనుకున్నాడు. రెండు పాదాలకూ ఎరుపు వేసి, ఆరబెట్టి, ఆ సంగతే మరిచిపోయాడు.

చూసేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. పదకొండేళ్ళ మనవరాలు, కూతురి కూతురు. తల్లికి ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీలు కావడంతో తాత ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ఏటా మడుగులో పక్షుల్ని లెక్కపెట్టే పని ఈసారి ఆమె క్లాసుకు వచ్చింది. ఒక సాయంత్రం భోజనాల దగ్గర ఆ కబుర్లే చెబుతోంది.

“చిట్టికొంగలు ఎన్నొచ్చాయో చెప్పు తాతయ్యా.”

“ఎన్ని?”

“సున్నా.”

“అదేంటే, పోయినేడు పై క్లాసు వాళ్ళు రెండొందల పైనే రాశారన్నావుగా.”

“అప్పుడు నీ బోర్డు లేదు కదా, ఏదో గుడ్డిగా రాసుంటారు. అచ్చం అలాంటివే రెండొందల పన్నెండు కనబడ్డాయి. కానీ వాటి పాదాలు పసుపు. అవి బురదలోంచి కాలు తీసేదాకా రెండు రోజులు కూర్చుని మరీ చూశాం. బోర్డు మీద ఎరుపుంది కదా, అందుకని ‘తెలియని కొంగలు’ అని వేరే గడిలో రాశాం.”

పెయింటరుకు పొలమారింది. భార్య నెత్తి మీద తట్టి నీళ్ళందించింది.

“మీ మాస్టారేమన్నారు?” అన్నాడు, ఊపిరి అందాక.

“ఆయన లెక్కల మాస్టారు కదా. అవీ ఇవీ ఒకటేనేమో, కలిపేద్దాం అన్నారు. నేనొప్పుకోలేదు. మా తాతయ్య బోర్డులో తప్పుండదండీ అని చెప్పా. క్లాసంతా నా వైపే. బోర్డు ఫోటో కూడా జతచేసి పురపాలక సంఘానికి పంపించేశాం.”

ఆ సంఘం అధ్యక్షుడు బస్సులు నిలుపుకోవడానికి చోటు లేదంటూ ఎప్పటినుంచో మడుగు మీద కన్నేశాడు. ఐదేళ్ళకోసారి సంఘం విచారణ జరిపాకే ఈ రక్షణను పొడిగిస్తారు. అసలు రక్షణ ఇచ్చిందే ఆ కొంగల గుంపు కోసం. కొంగలే లేవని తేలితే పల్లపు సగాన్ని మట్టితో పూడ్చేస్తారు. శనివారమే విచారణ.

“పూడిస్తే ఈసారి వాన నీళ్ళు ఎక్కడికెళ్తాయండీ?” అంది భార్య. “సరాసరి మీ మంచం కిందకే. నేను నడిచేది కూడా అక్కడే, బస్సుల పొగలో.” పెయింటరు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. తప్పు ఎక్కడుందో ఊరు మొత్తంలో ఆయనొక్కడికే తెలుసు, చెబితే నలభై ఏళ్ళ పేరు గంగలో కలుస్తుంది. అన్నిటికన్నా, క్లాసు ముందు నిలబడి తాతయ్య బోర్డులో తప్పుండదన్న పిల్లకు ఏ మొహం చూపించాలో ఆయనకు తోచలేదు.

తోచింది ఒకటే. పొద్దున్నే కొత్త పసుపు డబ్బా, బ్రష్షు తువ్వాలు కింద దాచుకుని, జీవితంలో మొదటిసారి మడుగు గేటు దాటాడు. ఎవరూ చూడకుండా రెండు పాదాలకు రెండు గీతలు గీసేస్తే సరిపోతుంది అనుకున్నాడు. తీరా బోర్డు దగ్గర మడుగు ఆఫీసరమ్మ నిలబడి ఉంది. వారం కిందటే ఏనుగులున్న అడవి నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నిదానస్తురాలు.

“నడకకొచ్చారా అండీ?” అందామె.

“ఆ, డాక్టరు నడవమన్నాడు.” డాక్టరు ఆ మాట అన్నది భార్యతో.

“ఈ బోర్డే చూస్తున్నాను. పుస్తకాల్లో పసుపని ఉంది, దీని మీద ఎరుపుంది. పిల్లల తప్పేం లేదు. కానీ నేను వెళ్ళి చెబితే మడుగు ఆఫీసు సొంత డబ్బా కొట్టుకుంటోందంటారు. రంగెందుకు మారిందో వేసినాయనే వచ్చి చెప్పాలి. అందాకా దీన్నెవరూ ముట్టుకోవద్దన్నాను. ఆ తువ్వాలు కింద ఏంటండీ?”

“మంచినీళ్ళు.”

సరిగ్గా అప్పుడే మూత సందులోంచి ఒక పసుపు చుక్క జారి ఆయన పాదం మీద పడింది. ఇద్దరూ దానికేసి చూశారు. “శనివారం పదింటికండీ” అని మాత్రం చెప్పి ఆఫీసరమ్మ వెళ్ళిపోయింది.

శనివారం పురపాలక సంఘం హాల్లో వెనక వరసలో, తలుపు పక్కనే కూర్చున్నాడు పెయింటరు. అక్కడైతే లేచి పోవడం సులువు. ముందు వరసల్లో క్లాసు పిల్లలు. అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివాడు. చిట్టికొంగలు సున్నా. తలెత్తి హాలంతా ఒకసారి చూశాడు. అంత బాధాకరమైన వార్తను అంత సంతోషంగా చదివిన మనిషి ఇంకొకడుండడు. “ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?” అన్నాడు.

ఎవరూ లేవలేదు. పెయింటరు తలుపు వైపు చూశాడు, మనవరాలి జడ వైపు చూశాడు. ఎలా లేచాడో ఆయనకే తెలియదు.

“అయ్యా, తప్పు నాది. దాని పాదాలు పసుపే. నా డబ్బా గడ్డకట్టిపోయింది. కొంగ కాళ్ళు ఎవడు చూస్తాడులే అని ఎరుపు పూశాను. పిల్లలు తెలియనివని రాసినవే అవి.”

హాల్లో నవ్వులు లేచాయి. తప్పుల కోసం ఆయన ఎండలోకి లాక్కొచ్చిన షాపుల వాళ్ళు నలుగురైదుగురు ఉన్నారక్కడ. వాళ్ళు మరికాస్త మనస్ఫూర్తిగా నవ్వారు. మనవరాలు మాత్రం వెనక్కి తిరగలేదు.

“మరి బోర్డే తప్పయితే, దాన్ని పట్టుకుని రాసిన లెక్క కూడా తప్పేగా” అన్నాడు అధ్యక్షుడు. “ఈ పిల్లల మాట మేమెలా నమ్మాలి?”

మనవరాలు లేచి నిలబడింది.

“మేం చూసి రాశామండీ. పసుపని కూడా రాశాం, గడిలో ఉంది చూడండి. చూడకుండా వేసింది మా తాతయ్యే.”

అధ్యక్షుడు కాగితం మళ్ళీ చదువుకున్నాడు. రెండొందల పన్నెండు అక్కడే ఉంది. ఎంత వెతికినా అది సున్నా కాలేదు. చివరికి తన గుమాస్తా సమక్షంలో మర్నాడే మళ్ళీ లెక్క పెట్టించి, ఆ లెక్క మీదే రక్షణ సంగతి తేలుద్దామని ఒప్పుకోక తప్పలేదు.

ఇంటికొచ్చే దారి పొడవునా మనవరాలు మాట్లాడలేదు. రాత్రి భోజనం దగ్గరా అంతే. భార్య కూడా తిట్టకపోయేసరికి పెయింటరుకు నిజంగా భయమేసింది. నలభై ఏళ్ళ పేరు పోయిన బాధ కంటే ఆ పిల్ల మౌనమే ఆయన్ని ఎక్కువగా కోసింది.

మర్నాడు పొద్దున మడుగు గట్టున గుమాస్తా, మాస్టారు, క్లాసంతా వరసగా కూర్చున్నారు. మనవరాలు వచ్చి నోటు పుస్తకం తాత ఒళ్ళో పెట్టింది. “నువ్వు కూడా లెక్కపెట్టు” అంది. అంతే.

కొంగలన్నీ బురదలో నిలబడి ఉన్నాయి. పాదాలు కనబడవు. పెయింటరు మోకాళ్ళు నొప్పెట్టాయి, దోమలు కుట్టాయి, చాలాసేపటికి గానీ ఒక కొంగ కాలు పైకి తీయలేదు. నల్లటి కాలు చివర తడిగా మెరుస్తున్న పసుపు కనబడింది. ఆయన డబ్బాల్లో ఎన్నడూ కలపని పసుపు. ఇంత అందాన్నా బకెట్ల ఎరుపుతో కప్పేశానని సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఎక్కడలేని సంతోషమూ కలిగింది. అరవై మూడు దాకా లెక్కపెట్టాడు. ఇంతలో ఒక గుంపు లేచి, లెక్క తేలినవాటి మధ్యకు వచ్చి వాలింది.

“అంతా కలిసిపోయాయే. ఓ వంద వేసేసుకుందామా?” అని గొణిగాడు.

మనవరాలు ఆయన మొహంలోకి చూసింది. ఆయన తల వంచుకుని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. అందరి పుస్తకాలూ సరిచూసి రెండొందల తొమ్మిది అని రాశారు. గుమాస్తా నాలుగైదుసార్లు దగ్గి సంతకం పెట్టాడు. ఇక పూడ్చడానికి దారి లేదని, ఇంకో ఐదేళ్ళు మడుగు జోలికి ఎవరూ రారని ఆఫీసరమ్మ చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టబోయి, కొంగలు బెదురుతాయని చేతులు దించేసుకున్నారు.

తిరిగి వస్తున్నప్పుడు దారి పక్కన బోర్డులు ఒకటొకటే ఎదురయ్యాయి. మనవరాలు ఒకదాని దగ్గర ఆగింది.

“తాతయ్యా, మిగతా ఇరవై అయిదూ?”

అన్నీ సరిగ్గానే ఉన్నాయి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన దాన్ని మింగేశాడు.

“తెలీదమ్మా” అన్నాడు. “రేపు మళ్ళీ వచ్చి చూద్దాం.”

ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుంది.