తిని చూడాల్సిన కుర్చీ

మా అత్తయ్య కుర్చీలు బాగుచేస్తుంది. నేను వంట చేస్తాను. ఇల్లరికం వచ్చిన అల్లుడికి వంటింట్లో ఏం పనని జనం అడుగుతుంటారు. నేను వండకపోతే కుర్చీలు బాగవవని చెబితే నాకు మతి పోయిందనుకుంటారు. పోయింది నాకు కాదు. ఎవరికో చెబితే బాగుండదు.

సంగతేమిటంటే, అల్లిక తెగిన కుర్చీ మా కొట్టుకి వస్తే అత్తయ్య పేము నానబెట్టి, కొత్తగా అల్లి, కాళ్ళు బిగించి, మెరుగు పెడుతుంది. ఎవరైనా అక్కడితో డబ్బు పుచ్చుకుని పంపేస్తారు. మా ఇంట్లో అలా కుదరదు. ఎవరో ఒక అతిథి ఆ కుర్చీలో కూర్చుని కడుపునిండా భోంచేసి లేవాలి. అప్పుడే కుర్చీ బాగైనట్టు. ఊరికే కూర్చోమంటే మనిషి బిగుసుకుని కూర్చుంటాడట, తినేటప్పుడే ఒళ్ళంతా వదిలి కూర్చుంటాడట. ఆకలిగా ఉన్నవాడికి పెట్టాలన్న మాటా, ఏ పని చేసినా దేవుడికి చేసినట్టే చేయాలన్న మాటా ఆవిడ బుర్రలో ఒకదానికొకటి ముడిపడి ఈ పద్ధతి పుట్టింది. ఇంటివాళ్ళు పనికిరారు, అతిథే కావాలి. పని ఎక్కువున్న రోజుల్లో వీధిలోకెళ్ళి దారినపోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. ఒకసారి అప్పుడే పన్ను పీకించుకుని వస్తున్న మనిషిని తెచ్చింది. పాపం, నమలలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తిన్నాడు. కుర్చీ ఎలా ఉంది నాయనా అని అడిగితే, బ్రహ్మాండం అన్నట్టు తలూపాడు.

ఊరందరికీ పెట్టే ఈ మహాతల్లి ఒక్కణ్ణి మాత్రం గడప తొక్కనివ్వదు. ఎదురు కొట్టాయన. స్వయానా ఆవిడ మరిది, మా ఆవిడకు బాబాయి, నాకు చిన్నమామయ్య. అన్న దగ్గర పేము పని నేర్చుకుని, అన్న కొట్టుకెదురుగానే ప్లాస్టిక్ కుర్చీల కొట్టు పెట్టాడు. అదైనా మరిచిపోయేదేమో. మామయ్య పోయిన రోజున ఆయన తన కొట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలన్నీ మోసుకొచ్చి మా వాకిట్లో వేశాడు. జీవితమంతా పేము అల్లిన మనిషి శవపేటిక, చుట్టూ ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీలు. అత్తయ్య గుండెలో అది ముల్లులా దిగిపోయింది. ఆ రోజు నుంచి మరిదితో మాట లేదు. శత్రువుల్ని క్షమించే మనసిమ్మని రోజూ ప్రార్థన మాత్రం చేస్తుంది, ఎదురు కొట్టు వైపు వీపు తిప్పి.

ఇలా ఉండగా చర్చి నుంచి పాస్టరుగారి కుర్చీ బాగుకొచ్చింది. వేదిక మీద ఉండే పెద్ద కుర్చీ, మామయ్య వయసులో ఉండగా తన చేత్తో చేసింది. ఆదివారం బిషప్పుగారు వచ్చి అందులో కూర్చోవాలి. అత్తయ్య దాన్ని పసిపిల్లకు జడ వేసినంత ముద్దుగా అల్లింది. ఇక భోజనమే తరువాయి, ఆ భోజనం దగ్గరే చిక్కొచ్చి పడింది. పాస్టరుగారి కుర్చీలో కూర్చుని కూర కలుపుకోవడానికి ఎవరికీ గుండె చాల్లేదు.

కూరగాయలమ్మే ఆవిడ వచ్చింది, కుర్చీని చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. పోస్టుమాన్ మొహమాటస్తుడు, కాదనలేక పళ్ళెం కుర్చీలో పెట్టి తాను నేలమీద కూర్చుని తిన్నాడు. భోజనం కుర్చీకి పెట్టినట్టయింది గానీ మనిషికి పెట్టినట్టు కాలేదని అత్తయ్య ఒప్పుకోలేదు. బస్టాపు నుంచి ఒక పరాయి మనిషిని తెచ్చాం. అతను హాయిగా కూర్చోబోతుంటే, అబద్ధం ఆడకపోతే చాలదు, నిజం దాచకూడదు కూడా అని అత్తయ్య కుర్చీ ఎవరిదో చెప్పేసింది. అతను గొడుగు కూడా వదిలేసి పరిగెత్తాడు. పోనీ ఆ పాస్టరుగారే కూర్చుని తింటే గొడవ వదిలిపోతుంది కదా అని వెళ్ళి అడిగాను. బిషప్పుగారి రాక కోసం ఆయన ఆదివారం దాకా ఉపవాసంలో ఉన్నారు. నా తలరాత.

శనివారం మధ్యాహ్నానికి సంఘ పెద్దలు ఇద్దరు బండి తీసుకుని వచ్చేశారు. సాయంత్రానికి కుర్చీ చేరకపోతే ఎదురు కొట్టు నుంచి ఒక కుర్చీ తీసుకెళ్ళి వేదిక మీద వేస్తామన్నారు. మామయ్య కుర్చీ ఉండాల్సిన చోట ప్లాస్టిక్ కుర్చీ. అత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇచ్చేద్దామమ్మా, తినలేదని ఎవరికి తెలుస్తుంది అని మా ఆవిడ బతిమాలింది. తెలియాల్సినవాడికి తెలుస్తుందని ఆవిడ కదల్లేదు. కుర్చీ చేతిని పట్టుకుని నిలబడింది. ఎంత చాదస్తమైనా, ఆవిణ్ణి చూస్తే నాకు జాలేసింది.

అప్పుడొచ్చాడు చిన్నమామయ్య. రోడ్డు దాటి వచ్చి గడప అవతలే ఆగాడు. వీళ్ళు ఇప్పుడే మనిషిని పంపి వేదిక మీదకి తన కుర్చీ అడిగారనీ, ఇవ్వనన్నాననీ పెద్దల మొహం మీదే చెప్పాడు. తర్వాత చూపు నేలమీద పెట్టి అన్నాడు.

"వదినా, ఆకలిగా ఉంది."

ఆకలన్నవాణ్ణి పొమ్మనడం ఆ ఇంట్లో ఇంతవరకూ జరగలేదు. అత్తయ్య గోడ వైపు తిరిగి, పక్కకి జరిగింది. ఆయన లోపలికొచ్చి, ఏ జంకూ లేకుండా ఆ కుర్చీలో కూర్చున్నాడు. పెద్దలు నోరెళ్ళబెట్టారు. "అన్న దీన్ని చేస్తుంటే ఇందులోనే పడుకుని నిద్రపోయేవాణ్ణి. అప్పటికింకా దీనికి పాస్టరుగారు లేరు" అన్నాడు.

నేను వడ్డించాను. ఆయన నెమ్మదిగా, పళ్ళెం తుడిచినట్టు తిన్నాడు. అత్తయ్య ఎప్పుడూ అడిగే ప్రశ్న అడగలేదు. అడక్కుండానే ఆయన చెప్పాడు.

"ఎడమ వెనక కాలు పొట్టిగా ఉంది వదినా. ఊగుతోంది."

పిడుగు పడ్డట్టయింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో తిన్న ఏ మనిషీ కుర్చీకి వంక పెట్టలేదు. అత్తయ్య వంగి చూసింది. నిజమే. లేచి, ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదే అని తనలో తాను గొణుక్కుంది. తిన్న నోటితో ఎవరంటారు వదినా అన్నాడాయన. నాకప్పుడు పన్ను పీకించుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఎన్ని ఊగే కుర్చీలు మా భోజనం తిని ఊళ్ళోకి వెళ్ళాయో.

"నువ్వూ తిన్నావుగా. మరి నువ్వెలా అన్నావు?" అంది అత్తయ్య. మరిదితో ఆవిడ మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"ఎలాగూ నాతో మాట్లాడవు. ఇక పోయేదేముంది?"

మా ఆవిడ ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. అత్తయ్య నవ్వలేదు. రంపం తీసింది, మళ్ళీ కింద పెట్టింది.

"ఆ రోజు ఆ కుర్చీలెందుకు తెచ్చావు?"

ఏ రోజని ఆయన అడగలేదు. "ఇంట్లో ఉన్నవి చాల్లేదు వదినా. అన్న కోసం వచ్చినవాళ్ళు నిలబడిపోతారని తెచ్చాను" అన్నాడు.

అత్తయ్య చాలాసేపు పేము ముక్కలు ఏరుతూ కూర్చుంది, నేలమీద ఏరడానికేమీ లేకపోయినా. తర్వాత రంపం ఆయన చేతికిచ్చింది. మిగతా మూడు కాళ్ళనూ ఆయన కోస్తుంటే తాను కదలకుండా పట్టుకుంది. కుర్చీ మళ్ళీ నిలబడింది. నిలబడితే చాలదు, మళ్ళీ తిని చూడాలి. మళ్ళీ వడ్డించాను. రెండో భోజనం కష్టం మీద దిగింది. ఆయన చెమట తుడుచుకుని, "ఇంకా కొంచెం ఊగుతోంది" అన్నాడు.

నాకు అనుమానమొచ్చి వంగి కాళ్ళ కింద కాగితం దూర్చి చూశాను. ఏ కాలి కిందా దూరలేదు. కుర్చీ బండలా ఉంది. తలెత్తేసరికి అవతలి పక్క అత్తయ్యా వంగి చూస్తోంది. ఆవిడకి నాకంటే ముందే తెలిసింది. అబద్ధం ఆడదు, నిజం దాచదు అని చెప్పానే, ఆ మనిషి గరుకు కాగితం తీసి, బాగున్న కాలినే ఊరికే రుద్దడం మొదలుపెట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. చీకటి పడుతోందమ్మా అని బండి దగ్గర్నుంచి పెద్దలు కేకేశారు.

"ఆగండి, ఆయనింకా తినాలి" అంది. నా వైపు తిరిగి, "అల్లుడూ, మళ్ళీ వండు" అంది.

నేను పొయ్యి వెలిగించాను.