బొద్దుగా ఉందనుకున్నాం

నా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేళ్ళుంటాయేమో, తణుకు దగ్గర మా ఊళ్ళో పిల్లలకు తట్టు వచ్చింది. మా రెండేళ్ళ తమ్ముడికీ, పక్కింటి పిన్ని కూతురికీ ఒకే వారంలో పోసింది. ఇద్దరికీ తగ్గింది గానీ, పథ్యం మాత్రం నెలల తరబడి సాగింది. పప్పు వేడి చేస్తుందనేవారు. గుడ్డు, చేప మాటే ఎత్తకూడదు. మెత్తటి అన్నంలో కాస్త గంజి, ఉప్పు, అంతే.

ఆ పాప రోజూ మా ఇంటికి వచ్చేది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని నా పళ్ళెంలోని ముద్దపప్పు వైపు చూసేది. అడిగేది కాదు. పెట్టొద్దని పిన్ని నాకు గట్టిగా చెప్పింది. అందుకని గోడవైపు తిరిగి తినేదాన్ని.

కొన్నాళ్ళకు పాప బుగ్గలు ఉబ్బాయి, పాదాలు గుండ్రంగా తయారయ్యాయి. పథ్యం ఒంటికి పట్టింది, బొద్దుగా అయిందని అందరం మురిసిపోయాం. జుట్టు ఎర్రబడి పలచబడుతున్నా, ఆట మానేసి మూలన కూర్చుంటున్నా ఎవరం పట్టించుకోలేదు. ఒక ఉదయం పాప లేవలేదు. దిష్టి తగిలి పోయిందన్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే మిషన్ ఆసుపత్రి నర్సమ్మ గారు పిల్లల్ని చూడ్డానికి మా వీధికి వచ్చారు. మా తమ్ముడి పాదాన్ని బొటనవేలితో నొక్కి వదిలారు. గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు. ఆవిడ మొహం మారిపోయింది.

మా వంటింట్లోంచి బియ్యం, కందిపప్పు, ఒక గుడ్డు, గుప్పెడు తోటకూర తెప్పించి చేటలో పెట్టారు. బియ్యంలో ఉండేది పిండిపదార్థం, అది శక్తినిస్తుందన్నారు. ఆకుకూరలో విటమిన్లు, ఇనుము ఉంటాయన్నారు. పప్పు, గుడ్డు, చేపల్లో ఉండేవి మాంసకృత్తులనీ, కండ కట్టేది అవేననీ, అవి అందని పిల్లల ఒంట్లో నీరు చేరుతుందనీ చెప్పారు. అది బొద్దు కాదు, వాపు అన్నారు. మాంసకృత్తులు అన్న మాట నా చేత మూడుసార్లు పలికించారు.

అప్పటికే పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరం చూడలేదు.

"నేను మూడు పూటలా పెట్టానండి," అంది. "కడుపు నిండా పెట్టానండి."

నర్సమ్మ గారు లేచి వెళ్ళి పిన్ని చెయ్యి పట్టుకున్నారు.

"మీరేం తక్కువ చెయ్యలేదమ్మా. ముందే వచ్చి చెప్పాల్సిన వాళ్ళం మేం. రాలేదు."

అంతవరకూ పథ్యం తప్పకూడదన్న మా నాయనమ్మే ఆ పూట గుడ్డు ఉడకబెట్టి, పప్పన్నంలో చిదిమి తమ్ముడికి తినిపించింది. ముందు వాపు తగ్గి, వాడు పుల్లలా కనిపించాడు. భయపడ్డాం. అలాగే అవుతుందని నర్సమ్మ గారు ధైర్యం చెప్పారు. రెండు నెలలకు వీధంతా పరుగులు పెట్టాడు.

పిన్ని రోజూ వచ్చి వాడు తినడం చూసేది. పాప కూర్చునే చోటే కూర్చునేది. నాకేం తెలుసు, చిన్నపిల్లనేగా అని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ పాప చూపు మాత్రం వినదు.

అందుకే ఏ తల్లినీ పిల్లకు ఏం పెట్టావని నిలదీయను. నాకు తెలిసింది మాత్రం అడగకపోయినా చెప్పేస్తాను, బస్సులో పక్క సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలియని అమ్మాయికైనా సరే. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆలస్యంగా చేరిన మాట ఒక తల్లిని ఏం చేస్తుందో నేను కళ్ళారా చూశాను.