నేల మీద పేపరు

2023, హోలీ వెళ్ళిన వారం. ఘాజియాబాద్ పక్కన వైశాలిలో, ఒక ట్రస్టు ఆసుపత్రి తరఫున ఇళ్ళకు వెళ్ళి చూసే కమ్యూనిటీ హెల్త్ నర్సుని నేను. కాలికి బలపం కట్టుకుని తిరిగే ఉద్యోగం. భుజాన సంచీ, అందులో గాజుగుడ్డ, మందులు, బీపీ మిషను, సబ్బు, పాత న్యూస్‌పేపర్లు. పేపర్లెందుకని అందరూ అడుగుతారు. మా చదువులో దాన్ని బ్యాగ్ టెక్నిక్ అంటారు. ఇంట్లోకి వెళ్ళగానే నేల మీద పేపరు పరిచి దాని మీదే సంచీ పెట్టాలి. రోగిని ముట్టుకునే ముందూ, ముట్టుకున్నాకా చేతులు కడుక్కోవాలి. ఒక ఇంటి క్రిములు మన వెంట ఇంకో ఇంటికి పోకూడదు, అంతే సంగతి.

ఆ పేపరు వల్లే ఒకావిడ కాలు పోయేంత పనైంది.

ఆవిడ పేరు నూకాలమ్మ. విజయనగరం వైపు పల్లె. కొడుకు ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అటెండరు, కాపురం మా వైశాలిలో; ఆవిడా అక్కడే ఉంటున్నారు. షుగరు ముదిరి ఆవిడ కుడి మడమ దగ్గర పుండు పడింది. రోజు విడిచి రోజు శుభ్రం చేసి కట్టు కట్టకపోతే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పి, ఆ పని నాకు అప్పగించారు. తెలుగావిడ అనగానే నాకు సంబరం. ఇక్కడ రోజంతా అచ్ఛా, ఠీక్ హై అనీ అనీ నాలుక మొద్దుబారిపోయి ఉంటుంది.

మొదటి రోజు పేపరు పరిచాను, చేతులు కడుక్కున్నాను, కట్టు కట్టాను, మళ్ళీ కడుక్కున్నాను. నూకాలమ్మగారు చూస్తూ కూర్చున్నారు. రెండోసారి వెళ్తే కోడలు సుజాత తలుపు సగమే తీసింది.

"అత్త వద్దంటంది సిస్టరూ" అంది తల దించుకుని.

లోపలి నుంచి నూకాలమ్మగారే అన్నారు.

"మా సిన్నప్పుడు ఊళ్ళో మమ్మల్ని ముట్టుకుంటే సేతులు కడుక్కునేవోరమ్మా. మేం కూకున్న సోట నీళ్ళు జల్లేవోరు. ఈ వయసులో, నా కొడుకింట్లో గూడా అదే సూడాలేటి? నా కాలు ఒగ్గీ. పోతే పోనీ."

పేపరు మీ నేల కోసమేనమ్మా, నా సంచీ ఎక్కడెక్కడో తిరిగొచ్చింది అన్నాను. "అలాగే సెప్తారు" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. కోపపడినా బాగుండేదనిపించింది. ఇన్నేళ్ళూ కళ్ళారా చూసింది ఒకటైతే, నిన్నగాక మొన్న వచ్చిన నా మాట ఆవిడ ఎందుకు నమ్మాలి?

ఎదురు వాటాలో ఒక బ్యాంకు ఆఫీసరు కుటుంబం ఉంటుంది. ఆ ఇంటి పసిబిడ్డను చూడడమూ నా పనే. మర్నాడు అక్కడికి వెళ్తూ సుజాతను పిలిచి, "మీ అత్తగారి కుర్చీ కాస్త గుమ్మంలో వేయి, గాలి ఆడుతుంది" అన్నాను. ఆకు కూడా కదలడం లేదు, అది వేరే సంగతి.

ఎదురింటి తలుపు బార్లా తీసే ఉంచాను. తళతళలాడే పాలరాతి నేల మీద పేపరు పరిచి సంచీ పెట్టాను. చేతులు కడుక్కుని బిడ్డనెత్తుకున్నాను. బరువు చూశాను, బొడ్డు చూశాను, తల్లికిచ్చి మళ్ళీ కడుక్కున్నాను. ఆఫీసరుగారి తల్లి "లీజియే దీదీ" అంటూ తువ్వాలు అందించింది. నేను మాత్రం గుమ్మం వైపు చూడలేదు. చూస్తే నాటకంలా ఉంటుందని భయం.

తిరిగి వెళ్తుంటే నూకాలమ్మగారు ఆపారు.

"ఆల బిడ్డకీ అంతేనేటి?"

"అంతేనమ్మా."

"నెల బిడ్డ గదా, దానికేటి మైల?"

"బిడ్డకి లేదమ్మా, మీకూ లేదు. ఉంటే గింటే నాకే. పది ఇళ్ళు తిరిగిన చేతులివి."

ఆవిడ నా చేతుల వైపు చూశారు.

ఆ మర్నాడు వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. కుర్చీ పక్కన నేల మీద అప్పటికే పేపరు పరిచి ఉంది. హిందీ పేపరు. ఆ ఇంట్లో ఏ పేపరూ వేయించుకోరు. "అత్తే ఎదురింట్లో అడిగి తెమ్మంది" అంది సుజాత. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంచీ దాని మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

ఆనాటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా పేపరు కంటే ముందు మాట పరుస్తున్నాను. ఇది ఎందుకో, ఎవరి కోసమో చెప్పి, సరేనన్నాకే సంచీ దించుతాను. పుస్తకంలో ఆ వరస రాసి లేదు.

పుండు పూర్తిగా మానేసరికి వానలు పడ్డాయి. చివరి రోజు మడమ మీద కొత్త చర్మం లేతగా ఉంది. ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కాసేపు కూర్చున్నాను. సంచీ తెరిచే పనే పడలేదు. ఏవో కబుర్లలో పడి, అలాగే లేచి చెప్పులేసుకుని ఎదురింటి బెల్లు కొట్టబోయాను.

వెనక నుంచి పిలుపు. నూకాలమ్మగారు తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. ఒక చేతిలో నీళ్ళ చెంబు, ఇంకో చేతిలో సబ్బు.

"ఏటే పాపా, సేతులు కడుక్కోకుండానే పోతన్నావు? ఆ ఇంట్లో సంటిబిడ్డ ఉన్నాది."

మెట్ల పక్క కాలువ దగ్గర వంగి చేతులు చాచాను. ఆవిడ నీళ్ళు పోశారు.