రంగు తెలియని కెమెరా

మాది చెన్నై టి. నగర్‌లో చీరల కొట్టు. తాతల ముందునుంచీ ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగు కుటుంబం. పదో తరగతి సెలవుల్లో నాన్న నన్ను కొట్టులో నిలబెట్టాడు. ఒకావిడ వచ్చి అరక్కు చీరలు చూపించమంది. ముదురు ఎరుపును ఇక్కడ అరక్కు అంటారు. నేను వరసలోంచి లాగి పరిచిన చీర చూసి ఆవిడ నవ్వేసింది.

“ఏంద్రా, అరక్కు తియ్యమంటే పచ్చ పరస్తా ఉండావు?” అన్నాడు నాన్న.

మర్నాడూ అలాగే జరిగింది. కంటి డాక్టరు చుక్కల బొమ్మలు చూపించి, ఎరుపూ ఆకుపచ్చా నా కంటికి ఇంచుమించు ఒకటేనని తేల్చాడు. నాన్న కోప్పడలేదు. “సరి, విడు. ఈడ నీకు కుదరదు. బాగా చదువుకో” అన్నాడు. రంగులతో పనిలేని చదువు కదా అని జీవశాస్త్రంలో చేరాను. అందులో ఎన్ని రంగులున్నాయో అప్పటికి నాకేం తెలుసు!

పరిశోధనకు చేరిన ల్యాబులో మా గైడు ఒక మేడమ్. మైలాపూరులో ఇల్లు. మాలాగే ఏ కాలంలోనో వచ్చి స్థిరపడినవాళ్ళు. అందరితో తమిళమో ఇంగ్లీషో మాట్లాడినా నాతో మాత్రం ఇంటి తెలుగే. డీఎన్‌ఏని మొదటిసారి నాకు చూపించింది ఆవిడే. జెల్లీలాంటి పలకలో డీఎన్‌ఏని కరెంటుతో నడిపించి, దాన్ని ఎథిడియం బ్రోమైడ్ అనే రంగుమందు కలిపిన నీళ్ళలో నానబెట్టారు. దాని దగ్గరికి వెళ్ళేముందు నా చేతులకు గ్లవ్స్ సరిగ్గా ఉన్నాయో లేదో స్వయంగా చూశారు.

“ఇది మన డీఎన్‌ఏలోకి కూడా దూరతాది నాయనా, జాగ్రత్త. ఉత్త నీళ్ళలో ఉండేటప్పుడు దీనికి పెద్ద వెలుగు లేదు. డీఎన్‌ఏ మెట్ల మధ్యలోకి పోయినాకనే మెరస్తాది.”

తర్వాత పలకను పెట్టెలో పెట్టి అతినీలలోహిత దీపం వేశారు. చీకటి పలక మీద అడ్డగీతలు వెలిగాయి. పక్కనున్నవాళ్ళు నారింజ రంగన్నారు. నాకది ఏ రంగో తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఒక్క చుక్క మందు, కంటికి కనపడని దాన్ని వెతికి పట్టుకుని, పట్టుకున్నానని వెలుగుతో చెబుతోంది. ఆ రోజు ఇంటికెళ్ళే రైల్లో కూడా నాకు ఆ గీతలే కనపడ్డాయి.

మరుసటి ఏడు నాకొక పని అప్పగించారు. ఒక చెట్టు బెరడులోంచి తీసిన సారం క్యాన్సర్ కణాలను ఏ మేరకు చంపుతుందో చూడాలి. దానికి రెండు రంగులు కలిపి వాడతాం. ఒకటి ప్రతి కణంలోకీ వెళ్ళి ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండోది పైపొర చెడిన కణాల్లోకి, అంటే చచ్చిన వాటిలోకి మాత్రమే వెళ్ళి ఎర్రగా మెరుస్తుంది. మైక్రోస్కోపులో చూసి ఏవి ఎన్నో లెక్కపెట్టాలి. నాకు కొన్ని బాగా వెలుగుతూ, కొన్ని మసకగా కనపడ్డాయి. తేడా అదేననుకున్నాను. మసకవన్నీ చచ్చినవని రాసుకుంటూ పోయాను. నా లెక్క ప్రకారం ఆ సారం అద్భుతంగా పనిచేస్తోంది.

నాకు సీనియర్ అయిన ఒక తమిళమ్మాయి అదే పరీక్ష మళ్ళీ చేసింది. ఆమె లెక్కలో చచ్చిన కణాలు చాలా తక్కువ. ఇంకోసారి ఇద్దరం కలిసి చేసినా అంతే. మేడమ్ మా ఇద్దరినీ మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. తను చూసి, ఒక కణాన్ని సరిగ్గా మధ్యకు తెచ్చి నన్ను కూర్చోమన్నారు.

“ఇది బతికుండాదా, చచ్చిందా?”

“చచ్చింది మేడమ్. మసకగా ఉంది.”

“మసక వద్దప్పా. రంగు చెప్పు.”

మళ్ళీ వంగి చూశాను. అప్పటికి అర్థమైంది. “ఎరుపు, ఆకుపచ్చ నాకు తేడా తెలియదు మేడమ్. చిన్నప్పటినుంచీ అంతే. ఇంత వెలుగులో తెలుస్తుందనుకున్నాను” అన్నాను.

ఇక ఈ పనిలోంచి తీసేస్తారనుకున్నాను. మనసులో అప్పుడే కొట్టు గడప ఎక్కేశాను. మేడమ్ నా పక్కకు స్టూలు లాక్కుని కూర్చుని, మైక్రోస్కోపు మీదున్న కెమెరాను చేత్తో తట్టారు.

“దీనికి ఏమేం రంగులు తెలుసు, చెప్పు?”

“అన్నీ తెలుస్తాయి కదా మేడమ్.”

“ఒక్కటి కూడా తెలీదు. ఇది ఉత్త నలుపు తెలుపు కెమెరా. ముందర ఏ రంగు అద్దం పెడితే ఆ రంగు వెలుగు మాత్రం లోపలికి పోతాది. ఎంత వెలుగని ఇది కొలస్తాది. అప్పురం మనం కంప్యూటర్లో రంగు పూస్తాం. పుస్తకాల్లో నువ్వు చూసిండే బొమ్మలు శానా అట్ల పూసినవే.”

ఆ మధ్యాహ్నం ఆవిడ తన పని పక్కనబెట్టి నాతోనే కూర్చున్నారు. ఆకుపచ్చను మాత్రమే రానిచ్చే అద్దం పెట్టి ఒక ఫొటో, ఎరుపును మాత్రమే రానిచ్చే అద్దం పెట్టి అదే చోట ఇంకో ఫొటో తీశారు. రెండో ఫొటోలో నల్లటి తెర మీద అక్కడక్కడా కొన్నే కణాలు తెల్లగా వెలిగాయి. చచ్చినవి అవి. నేను గడగడా లెక్కపెట్టేశాను. సీనియర్ లెక్కా నా లెక్కా ఒకటే వచ్చింది.

“నీ కండ్ల తప్పేం లేదు నాయనా. నీకు తగిన అద్దం మనం పెట్టలేదు, అంతే” అన్నారు మేడమ్.

తర్వాత రెండు ఫొటోలనూ ఒకదానిమీద ఒకటి వేసి, ఎరుపు బదులు రాణి రంగు పూసి చూపించారు. రెండు రకాల కణాలూ నాకు విడివిడిగా కనపడ్డాయి. ఇకనుంచి ల్యాబులో బొమ్మలన్నీ ఇలాగే చెయ్యాలన్నారు. సీనియర్‌కి అది నచ్చలేదు. అందరూ ఎరుపూ ఆకుపచ్చేగా వేస్తారు, మనం మాత్రం ఎందుకు మార్చాలి అని అడిగింది.

“ఎల్లారుం పోట్టా?”, అందరూ వేస్తే సరిపోయిందా అని మేడమ్ ఆమెకు తమిళంలోనే జవాబిచ్చి, నావైపు తిరిగి, “మన బొమ్మలు చూసేవాళ్ళలో నీమాదిరి ఇంకెంతమంది ఉండారో, ఎవురికి తెలుసు?” అన్నారు.

అక్కడితో ఊరుకోలేదు. ఏళ్ళతరబడి పాఠాల్లో వాడుకుంటున్న తన బొమ్మలన్నీ బయటికి తీసి, రోజూ టీ తాగే వేళకు కొన్నిచొప్పున రంగులు మార్చుకుంటూ వచ్చారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఎవరూ అడగని పనికి అంత ఓపిక ఎక్కడినుంచి తెచ్చుకున్నారో! మార్చిన ప్రతి బొమ్మనూ “తెలస్తా ఉండాదా?” అని నాకు చూపించి, నేను సరేనన్నాకే దాచేవారు. తను చేసినదాన్ని దిద్దమని శిష్యుడి చేతికివ్వడం ఆవిడకు చిన్నతనంగా తోచలేదు.

బెరడు సారం నేననుకున్నంత గొప్పదేం కాదని తేలింది. అది కణాలను చంపేదానికన్నా వాటి విభజనను ఆపేది ఎక్కువ. అది చూడటానికి కేంద్రకానికి నీలంగా మెరిసే ఇంకో రంగు పట్టించాం. నీలం నా కంటికి అందరికీ కనపడినట్టే కనపడుతుంది. ఒక ఉదయం, రెండుగా విడిపోబోతూ ఆగిపోయిన కణం నా ఎదుటికి వచ్చింది. క్రోమోజోములన్నీ నడుమ ఒక్క వరసలో నిలబడి ఉన్నాయి. కన్ను తీయబుద్ధి కాలేదు. మేడమ్‌ని పిలిచాను. ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, వంగి చాలాసేపు చూశారు.

“అబ్బా! ఎంత అందంగా ఉండాదో చూడు” అని జరిగి, నాకు మళ్ళీ చోటిచ్చారు.